కత్తి మార్చవలెనా, సాన పట్టింపవలెనా?

వైశాఖము వచ్చినదనగా మా రెడ్డిగూడెములో ఏ యింటి వసారా చూచినను మామిడికాయల రాసులే కానవచ్చును. మైలవరము మొదలు విస్సన్నపేట వఱకు గల యీ మెరకపొలములు మామిడితోటలకు పేరుపడినవి. పండునకు పనికివచ్చు కాయలో పెద్దభాగము లారీల కెక్కి విజయవాడ చెంత నున్న గ్రామమందలి మామిడి సంతకు పోవును. పుల్లని కాయ మాత్రము ఇండ్లలో నిలిచి, ఉప్పును కారమును ఆవపిండిని నూనెను కూడుకొని జాడీల కెక్కును. ఈ పని కంతకును మొదట కావలసినది ఒక కత్తి. కారము మంచిదా, నూనె గానుగదా యని నాలుగిండ్ల విచారించు మనము ఆ కత్తిని మాత్రము సంవత్సరమున కొక్కదినమే తలచుకొందుము. ఆ దినమున అది తెగకపోయినచో తిట్టుకొందుము. ఈ మాసము నేను వ్రాయబూనినది దానిని గూర్చియే. ఇంట నున్న పాతకత్తిని ఉంచుకొనవలెనా, తీసివైచి క్రొత్తది కొనవలెనా?

మా యింటి ఆవకాయకత్తిని మా అత్తగారు కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఊరి కమ్మరిచేత చేయించుకొన్నారట. దళసరి తుమ్మచెక్క పీట. దాని యొక కొసను కత్తి మొన చీలతో బిగింపబడియుండును. రెండవ కొస పిడి. పిడి పట్టి పై కెత్తి, క్రింద కాయ నుంచి, ఒక్క ఊపున దింపవలెను. చూచుటకు సొగసు లేదు. బరువు మాత్రము నాలుగు వంటింటికత్తుల పెట్టు. అత్తగారి చేతిలోను, పిదప నా చేతిలోను అది ఎన్ని వేల కాయలను కొట్టియుండునో లెక్క లేదు.

గడచిన రెండేండ్లనుండి అది మొరాయింప దొడగినది. కాయ తెగుట లేదు, నలుగుచున్నది. ఏటేట ఆవకాయ పెట్టు చెల్లెండ్రకు ఈ భేదమును వివరింప నక్కఱ లేదు గాని, క్రొత్తగా కాపురము పెట్టినవారికొఱకు చెప్పెదను. ఆవకాయకు టెంక ముదిరిన కాయ కావలెను. ప్రతి ముక్కకును ఒకవైపున టెంక అంటియుండవలెను. నెలల తరబడి ఊటలో నానినను ముక్క మెత్తబడి జారిపోకుండ పట్టియుంచునది ఆ టెంకయే. కత్తి వాడిగా, బరువుగా ఒక్క వ్రేటున దిగినచో టెంక నున్నగా రెండగును. లోని జీడి తేలికగా ఊడివచ్చును. పొరను గుడ్డతో తుడిచివేయవచ్చును. కత్తి మొద్దైనచో టెంక పగులును గాని తెగదు. పెంకులుగా చిట్లి కండను వీడును. అట్టి ముక్కలు శ్రావణమునాటికే గుజ్జగును. ఆ పెంకులు అన్నములో పంటి క్రింద పడును. అంతకంటెను కీడేమన, కత్తి దిగలేదని రెండవమాఱు మూడవమాఱు కొట్టునప్పుడే వ్రేళ్లు తెగును.

నిరుడు మా కోడలికి అట్లే తెగినది. ఎడమచేతి బొటనవ్రేలి ప్రక్కను మూడు కుట్లు పడినవి. ఆ రాత్రి కట్టు కట్టుకొన్న చేతితోనే ముక్కలకు నూనె పట్టించుచు,

"అత్తయ్యా, మీరేమీ అనుకోనంటే ఒక మాట. ఈ కత్తిని పాతసామానులవాడికి వేసేద్దామండీ. ఇప్పుడు స్టీలువి వస్తున్నాయి. బల్లమీద పెట్టుకుని నిలబడి కొట్టుకోవచ్చు" అన్నది.

ఆమె నన్ను నొప్పింపవలెనని అన్నమాట కాదది. అయినను నాకు గ్రుచ్చుకొన్నది. కొంతసేపటికి నాలో నేనే విచారించి చూచుకొంటిని. ఆ కత్తిపై నాకు గల ప్రీతి యంతయు అత్తగారిపైని ప్రీతి. కత్తి పనితనమును నే నెన్నడును పరీక్షించి యెఱుగను. కోడలి వ్రేలి కుట్లముందు అట్టి ప్రీతి నిలువదు. అయినను, నిన్నమొన్నటి వఱకు చక్కగా తెగిన కత్తి ఇప్పు డేల తెగుట లేదో తెలిసికొనకుండ పాఱవేయుట కూడ నాకు సమ్మతము కాలేదు. "పాఱవేయుటకు ముందు ఒక్కసారి కొలిమికి చూపింత" మంటిని. కోడలును సరే యన్నది.

మా వీథి చివర కొలిమి చల్లారి చాలకాలమైనది. వాకబు చేయగా పొరుగూరిలో ఒక ముదుసలి కమ్మరి ఇంకను వారమునకు రెండు మూడు దినములు తిత్తి ఊదుచున్నాడని తెలిసినది. ఆయన కత్తిని చేతికి తీసికొని మొదట అంచును చూడలేదు. పీటను, చీలను, పిడిని కదిలించి చూచెను. పిమ్మట ఆకురాయితో అంచుపైని మఱక నొకచో గీచి, గుడ్డతో తుడిచి, ఎండకు త్రిప్పి పట్టుకొని,

"దీన్ని ఎవరు నూఱారమ్మా?" అని యడిగెను.

అప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది. మూడేండ్ల క్రిందట వీథిలోనికి కరెంటు సానచక్రముతో వచ్చిన వా డొకడు నిప్పురవ్వలు మూరెడెత్తు లేచునట్లు దానిని నూఱి యిచ్చియుండెను. ఆ రవ్వలను చూచి, ఆహా ఎంత వాడి పెట్టుచున్నాడని సంతోషించినదానను నేనే. కమ్మరి అంచునకు కొంచెము పైగా అక్కడక్కడ నెమలికంఠపు రంగున కనబడు నీలిచారను చూపి, "ఇక్కడ ఉక్కు చచ్చిందమ్మా. కత్తి చెడలేదు, అంచు కాలింది" అనెను.

ఈ మాటలోని శాస్త్రము తెలిసికొనదగినది. ఇనుములో బొగ్గుపదార్థము నూటికి ఒకపాలు లోపుగా కలిసియున్న కత్తియుక్కును ఎఱ్ఱగా కాల్చి చటుక్కున నీటిలోనో నూనెలోనో ముంచినచో గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసగును. ఆ పెళుసుదనము పోవుటకు దానిని మఱల మెల్లగా వేడిచేయుదురు. మెఱుగుపెట్టిన ఉక్కు వేడెక్కుచుండగా దానిపై రంగులు ఒకదాని తర్వాత నొకటిగా పాకుచుండును. 220, 230 డిగ్రీల కడ ఎండుగడ్డి రంగు. పిదప గోధుమవన్నె, ఊదా. 300 డిగ్రీల కడ నీలము. కోత కుపయోగించు పనిముట్లను గడ్డిరంగు మొదలు ఊదా వఱకు, పనినిబట్టి, ఎక్కడనో ఒకచోట ఆపవలెను. నీలమునకు పోయినచో అది స్ప్రింగునకు తగును గాని వాడియంచునకు తగదు. కమ్మరి ఎంతయో నేర్పుతో గడ్డిరంగున ఆపిన అంచును సానచక్రపు వేడి ఒక్క నిమిషములో నీలమునకు దాటించినది. అటుపైని ఎన్నిమాఱులు నూఱినను ఆ అంచు పది కాయలకే మొద్దగును. వాడి లేక కాదు, వాడిని నిలుపు గట్టిదనము లేక. కావున చక్రముపై నూఱించుకొను సోదరీమణులు ప్రక్కను నీళ్ల బాల్చి నుంచి, రెండు మూడు ఒరపిళ్ల కొకసారి అంచును ముంచుమని చెప్పవలెను. ముంచుటకు విసుగుకొను వానికి కత్తి నీయకుడు.

ఆయన చేసిన పని పెద్దదేమియు కాదు. కాలిన అంచును బియ్యపుగింజ వెడల్పున అరగదీసి, లోపలి మంచి యుక్కును పైకి తెచ్చెను. వంకాయలు తఱుగు కత్తివలె పలుచగా తీయుమని నేను కోరగా ఒప్పుకొనలేదు. టెంకను కొట్టు కత్తికి అంచు వెనుక భుజము దళసరిగా ఉండవలెననియు, పలుచగా తీసినచో మొదటి ముదురు టెంకకే అంచు చిట్లుననియు చెప్పెను. చీల మార్చెను, క్రొత్త పిడి తొడిగెను. కూలి అంతయు కలిసి క్రొత్తకత్తి వెలలో నాలుగవవంతు కాలేదు.

ఈ సందర్భమున నా కొక గర్వభంగము జరిగినది. తెలుగుదేశపు ఉక్కు లోకప్రసిద్ధమని మనము విందుము, అది నిజమే. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున మూసలలో పెట్టి కాచిన ఉక్కుకొఱకు పారసీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. 19వ శతాబ్దపు ఆరంభమున వాయిజీ యను ఆంగ్లేయుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము 1832లో అచ్చుపడినది. దక్షిణదేశపు ఆ జాతి యుక్కును 1819లో మైకేల్ ఫారడే యంతటివాడు లండనులో పరీక్షించెను. మా అత్తగారి కత్తియు అట్టి పూర్వపు ఉక్కుతోనే చేయబడినదని నేను ఇరుగుపొరుగులతో చెప్పుకొనుచు వచ్చితిని. కమ్మరి దానిని మ్రోగించి, వెనుకవైపు వంపు చూచి, "లారీ కమానుపట్టీ ముక్క అమ్మా ఇది" అని తేల్చెను. కోడలు నవ్వు నాపుకొనుటకు కొంగు నోటి కడ్డము పెట్టుకొన్నది. కమానుపట్టీ మంచి యుక్కేనట; పల్లెకమ్మరులు కత్తులకు కొడవళ్లకు దానినే ఏరుకొందురట. నాకు సిగ్గు తీఱలేదు గాని కత్తికి మాత్రము తక్కువతన మేమియు రాలేదు.

ఇక కోడలు కోరిన స్టీలును గూర్చి. దానిని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. 1913లో ఇంగ్లండు దేశపు షెఫీల్డు పట్టణమున హారీ బ్రియర్లీ తుపాకిగొట్టములకొఱకు ఉక్కును శోధించుచు తుప్పుపట్టని జాతి నొకదానిని కనుగొనెను. నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ కాకుండ క్రోమియము కలిసినచో ఉక్కుపై కంటికి కానరాని పొర యేర్పడి తుప్పును ఆపును. మనవంటివారికి దానివలన రెండు మేళ్లు. ఇనుపకత్తి మామిడికాయలోని పులుపును వగరును తగిలి నల్లబడును, ముక్కను నల్లబఱచును; స్టీలునకు ఆ బాధ లేదు. తడి తుడుచుటలో ఒకపూట ఏమఱినను తుప్పు పట్టదు. అయితే స్టీలన్నది ఒక్కటే వస్తువు కాదు. గిన్నెలకు పళ్లెములకు విశేషముగా వాడు నికెలు కలిసిన స్టీలును ఎంత కాల్చి ముంచినను కత్తికి కావలసినంత గట్టిపడదు. కత్తులకు వేఱొక జాతి గలదు, అది గట్టిపడును. బజారులో రెండును ఒక్కతీరున తళతళలాడుచుండును. కొనబోవునప్పుడు చిన్న అయస్కాంతము నొకదానిని సంచిలో వేసికొని పొండు. అలుగు అయస్కాంతమున కంటనిచో అది గిన్నెల స్టీలు, కత్తికి తగదు. అంటినంతమాత్రమున మేలిజాతి యని కాదు, కాని మొదటి జల్లెడ యిది.

కొలిమినుండి కత్తి తిరిగివచ్చిన వారముననే, చిత్రముగా, ఇదే ప్రశ్న సముద్రము లావలినుండియు వచ్చినది. మా అక్కగారి కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. వానికి గోల్ఫు ఆట యందు ఆసక్తి. హైదరాబాదునుండి వెళ్లిన తెలుగు దంపతుల కుమారుడగు సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్పును గెలిచిన నాటినుండి ఆ యాసక్తి మఱింత హెచ్చినది. వాడు టెలిఫోనులో, "పిన్నీ, నా ఐరన్లు పాతవైపోయాయి, మార్చాలా వద్దా అని తల బద్దలవుతోంది" అన్నాడు. ఇస్త్రీపెట్టె లెన్ని యున్నవిరా నీకు అంటిని. ఇనుప తల గల గోల్ఫుకోలల నట్లందురట. ఆటగాడు సంచిలో 14 కోలలకు మించి ఉంచుకొనరాదని అమెరికాలో 1938నుండి నియమము. వానిలో ఇనుపకోలలకు అంకెలుండును. అంకె పెరిగినకొలది తల వెనుకకు వాలియుండును. వాలు హెచ్చినకొలది బంతి ఎత్తునకు లేచి తక్కువ దూరమున పడును. తొల్లి స్కాట్లండులో వీనిని కొలిమిలో సాగగొట్టినవారు కమ్మరులేనట. ఆ మాట విన్నపిదప నాకు ఆ యాటపై గౌరవము కలిగినది.

క్రొత్త సెట్టు వెల వేయి డాలర్లకు పైమాట. అంగడిలో కొట్టి చూడగా తన పాత ఏడవ అంకె కోలకంటె క్రొత్త ఏడవ అంకె కోలతో బంతి పండ్రెండు గజములు దూరము పోయినదట. వాడు ఉబ్బిపోయి డబ్బు తీయబోవుచుండగా, అచ్చట కొలతలు చూచు ముసలి పనివా డొకడు రెండు కోలలను ప్రక్కప్రక్కన పెట్టి వాలు కొలిచి చూపెనట. 1970 ప్రాంతమున ఏడవ అంకె కోల వాలు సుమారు 36 మొదలు 38 డిగ్రీల వఱకు ఉండెడిది. నేడు అమ్మకమునకు వచ్చు కొన్ని సెట్లలో అది 30 డిగ్రీలకు లోపు. అనగా నిన్నటి అయిదవ ఆఱవ అంకెలకు నేడు ఏడని పేరు పెట్టినారు. దూరములో కొంత కోల గొప్పతనము, కొంత పే రిచ్చిన గొప్పతనము. అయితే క్రొత్తవానిలో నిజమైన మేలు లేకపోలేదు. 1960 ప్రాంతములలో కార్‌స్టెన్ సోల్‌హైమ్ అను ఇంజనీరు తల నడుమ నుండు బరువును అంచులకు జరిపినపిదప, బంతి నడిమికి తగులక ప్రక్కకు తగిలినను దెబ్బ అంతగా చెడుట లేదు. నేర్పు తక్కువవారికి అది గొప్ప సహాయము. మావాని పాతకోలలలోనే ఆ యేర్పాటు కలదట. ఇక చెడినదేమన, చేతిపట్టునకు తొడిగిన రబ్బరు ఎండి జారుచున్నది. ఆ తొడుగులు మాత్రము మార్పించుకొని యింటికి వచ్చినాడు. వేయి డాలర్లలో ఎంత ఖర్చైనదిరా అని యడుగగా, నవ్వి ఊరకున్నాడు.

వాని మాటలనుండి నా కొక ఉపాయము తట్టినది. మొద్దుబాఱిన పాతకత్తిని, అంగడినుండి అప్పుడే వచ్చిన క్రొత్తకత్తిని పోల్చుట పరీక్ష కాదు. బాగుచేసిన పాతదానిని క్రొత్తదానిని, ఒకే చెట్టుకాయపై, ఒకే చేతితో పోల్చవలెను. మా వీథిలో ఒక వదినగారు బల్లమీద పెట్టుకొను స్టీలుకత్తిని అంతకుముందే కొనియుండిరి. దానిని ఎరువు తెచ్చితిమి. ఒకే చెట్టు కాయలు నలుబది యేఱి, కత్తికి ఇరువదేసి పంచి, అందు సగము కోడలు, సగము నేను కొట్టితిమి. పాతకత్తితో పందొమ్మిది కాయల టెంకలు నున్నగా తెగినవి; ఒకటి చిట్లినది. స్టీలుకత్తితో పదునాఱు తెగినవి, నాలుగు చిట్లినవి. చిట్లినవన్నియు చివరి కాయలే. అలుగు తేలిక, అంచు త్వరగా అలసినది. ఇంతవఱకు నాకు గెలుపే.

అయితే కోడలు ఊరకుండలేదు. "అత్తయ్యా, లెక్క ముక్కలది చూశారు. నా నడుము లెక్క కూడా చూడండి" అన్నది. ఆ మాట నిజము. స్టీలుకత్తితో ఆమె నిలుచుండి కొట్టినది, నడుము వంపలేదు. దాని పీటలో కాయ కూర్చుండుటకు గాడి యొకటి తొలిచియున్నది. కాయ దొరలదు, దానిని పట్టుకొనుటకు వ్రేళ్లను అలుగు క్రిందికి పోనీయ నక్కఱ లేదు. మా పీట నున్నని పలక. నిరుటి కుట్లకు కారణము సగము కాలిన అంచు, సగము ఈ నున్నని పలక. అత్తగారి వస్తువులో లోప ముండవచ్చునని నాకు నలుబదియేండ్లలో ఎన్నడును తోచలేదు!

కావున మేము క్రొత్తకత్తిని కొనలేదు. క్రొత్తకత్తినుండి రెండు సంగతులు నేర్చుకొంటిమి. వడ్రంగిని పిలిపించి మా తుమ్మపీటలో కాయ కుదురుగా కూర్చుండునంత గాడి తొలిపించితిమి. పీటకు రెండు బెజ్జములు వేయించి బోల్టులతో బరువైన బల్లకు బిగించితిమి. పెరటిలో పడియుండిన పాతబల్ల ఆ విధముగా పనికివచ్చినది. స్టీలుకత్తిని కడిగి తుడిచి, ఒక చిన్న జాడీ ఆవకాయతో వదినగారికి పంపితిమి.

ఇది చదివి, పాతవస్తువే మేలని నేను వాదించుచున్నా నని తలపకుడు. అదే నెలలో మా యింట రెండవ తీర్పు దీనికి ఎదురుగా జరిగినది. కూరలు తఱుగు కత్తిపీటను నేను మానివేసితిని. దాని అలుగునందు దోష మేమియు లేదు. నేటికిని వెండ్రుకను చీల్చును. దోషము నా మోకాళ్లది. ఒక కాలు మడిచి రెండవపాదముతో పీట నొక్కిపట్టి కూర్చుండుట ఇప్పుడు నాకు అలవి కాదు. కూర్చున్నచో లేచుటకు గోడయో మనుమరాలో కావలెను. పాతికేండ్ల మోకాళ్లకు తగిన పనిముట్టు అఱువదియేండ్ల మోకాళ్లకు తగదు. వంటబల్లపై చెక్కపలక నొకటి వేసికొని, జానెడు అలుగు గల చేతికత్తి కొంటిని. కత్తిపీటలో అలుగు నిలుచును, కాయ కదలును. చేతికత్తిలో కాయ నిలుచును, అలుగు కదలును. ఈ తలక్రిందులకు చేయి అలవాటుపడుటకు నాకు నెల పట్టినది. దొండకాయ చక్రములు మొదట ఒకటి రూపాయి దళసరి, ఒకటి అట్ట దళసరి. ఇంటిల్లపాది ఊరకొన్నారు గాని మనుమరాలు మాత్రము పళ్లెములో వానిని దొంతరపేర్చి చూపినది. కత్తిపీటను పాతసామానులలో వేయలేదు. దాని కొననున్న కోరాముతో కొబ్బరి కోరినట్లు మఱి దేనితోను నాకు కుదురలేదు. దానికిని ఎత్తు పీట యొకటి వేయించుకొంటిని.

ఇనుపకత్తి ఉంచుకొనదలచిన సోదరీమణులు దాని సంరక్షణమును కూడ అంగీకరింపవలెను. పని ముగిసిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో కొంతసే పుంచి, నూనె పట్టింపుడు. ఆవకాయకు కొట్టునప్పుడు తడి యెట్లును పనికిరాదు; కాయకును అంతే, కత్తికిని అంతే. సంవత్సరమంతయు దాచునప్పుడు నూనె రాసిన గుడ్డ చుట్టి, దానిపై కాగిత మొకటి కట్టి, నేలకు తగులకుండ వ్రేలాడదీయవలెను. నేలతేమ కత్తిపాలిటి చెదలు. చిన్న మొద్దుతనమునకు చక్రముకడకు పోవలదు. సానరాతిపై నీళ్లు చల్లి, అంచును ఒకే వాలున ఉంచి, రెండువైపుల సమముగా లాగినచో చాలును. ఆ వాలు చేతిలో మాఱుచుండుటయే మనము చేయు తప్పు. కత్తి అందుచేతనే గుండ్రబడును. అలుగుపై నిట్టనిలువు పగులు కనబడినను, మొన కడ చీలబెజ్జము సాగి అలుగు ఊగుచున్నను ఇక దాని నుంచవలదు. అట్టి కత్తి దెబ్బ వేళ విఱిగి ఎగిరినచో కంటికే ప్రమాదము. అప్పుడు ఎవరి చేతి వస్తువైనను సరే, క్రొత్తది కొనుడు.

ఈ యేటి ఆవకాయ మా కోడలే కొట్టినది. నిలుచుండి కొట్టినది, వ్రేళ్లు పదియు క్షేమము. పని ముగిసినపిదప కత్తి అంచును బొటనవ్రేలితో అడ్డముగా తడవి చూచి, "అత్తయ్యా, ఆ తాతగారు ఇంకెన్నేళ్లు కొలిమి పెడతారండీ?" అని యడిగినది. ఆయన కుమారుడు విజయవాడలో ఆటో నడుపుచున్నాడు. తిత్తి పట్టుకొనువా రింట నెవ్వరును లేరు. నాకు బదులు తోచలేదు. మఱునాడే ఆమె ఒక సానరాయి కొని తెచ్చుకొన్నది. ఆదివారము లందు పిల్లను వెంటబెట్టుకొని పొరుగూరి కొలిమికి పోయి, అంచునకు వాలు పట్టుట ఆయనకడ నేర్చుకొనుచున్నది. మొదటివారము పాడుచేసినది నా చేతికత్తినే.